ఫ్రెడరిక్ ఫ్రోబెల్

అక్షరములైనను రాని అయిదేండ్ల బిడ్డకు గణితము నేర్పుట యెట్లు? రెండువందల యేండ్లకు పూర్వము ఐరోపాలో ఈ ప్రశ్న వేసినవారు బహు కొద్దిమంది. అంత చిన్నవారిని చేర్చుకొను పాఠశాలలే అరుదు. ఉన్నచోటను పిల్లలను బల్లలపై వరుసగా కూర్చుండబెట్టి అంకెలను వల్లెవేయించుటయే విద్య యని తలచెడివారు. కాని పలుకుట వేరు, తెలియుట వేరు. నూరువరకు గడగడ ఒప్పచెప్పు బిడ్డ యెదుట ఏడు చింతగింజలు పోసి ఎన్ని యని అడిగినచో తడబడుట కలదు. ఈ లోపమును గుర్తించి, శిశువు పలక పట్టుటకు ముందే వాని చేతికి ఏ వస్తువును ఏ క్రమమున అందింపవలెనో ఆలోచించి, ఆ పనికై తన కడపటి పదునైదేండ్లను ధారపోసిన మహనీయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. కిండర్‌గార్టెన్ అను మాట ఆయన కల్పించినదే.

ఫ్రోబెల్ 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన జర్మనీలోని థురింజియా సీమయందు ఓబర్‌వైస్‌బాఖ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఆ యూరి క్రైస్తవ మతగురువు. బిడ్డకు ఏడాది నిండకముందే తల్లి గతించెను. తండ్రికి మతకార్యములతోనే దినము గడచిపోవుచుండెను. సవతితల్లి మొదట ఆదరించినను, తనకు కుమారుడు కలిగిన పిదప ఈ బాలుని దూరముగా నుంచెను. ఇంటిలో పలుకరించువారు లేక బాలుడు తోటలోని మొక్కలతోడను రాళ్ళతోడను ప్రొద్దుపుచ్చుచుండెను. పదియవ యేట మేనమామ వానిని స్టాట్‌ఇల్మ్ పట్టణమునకు తీసికొనిపోయి బడిలో వేసెను. అచ్చట నాలుగైదేండ్లు సుఖముగా గడచెను.

పదునైదవ యేట తండ్రి ఆతనిని ఒక అటవీ యుద్యోగికడ పని నేర్చుకొనుటకు పంపెను. ఆ యుద్యోగికి నేర్పుటకు తీరిక లేకపోయెను. యువకుడు తనంత తానే వృక్షశాస్త్రమును, క్షేత్రగణితమును చదువుకొనెను. 1799లో యేనా విశ్వవిద్యాలయమున చేరెను గాని చేతిలో ధనము చాలలేదు. ముప్పది థాలరుల అప్పు తీర్పజాలక తొమ్మిది వారములు విశ్వవిద్యాలయపు చెరసాలలో ఉండవలసివచ్చెను. 1801లో చదువు ముగియకయే ఇల్లు చేరెను. పిమ్మట కొన్ని యేండ్లు భూమి కొలుచు పనియు, గుమాస్తా పనియు చేసెను. ఏ పనియందును మనస్సు నిలువలేదు.

1805లో గృహనిర్మాణ శిల్పము నేర్వదలచి ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు వచ్చెను. అచ్చట ఆంటన్ గ్రూనర్ అను ప్రధానోపాధ్యాయుడు ఆయనను చూచి, ఇళ్ళు కట్టుటకంటె పిల్లలకు చదువు చెప్పుటయే ఆయనకు తగిన పని యని యెంచి, తన పాఠశాలలో ఉపాధ్యాయునిగా నియమించెను. తరగతిలో నిలిచిన మొదటి దినముననే ఫ్రోబెల్‌కు తన జీవితమార్గము దొరకెను. అప్పట్లో స్విట్జర్లాండులోని ఇవర్డన్‌లో పెస్టలాజీ మహాశయుడు నడపుచున్న పాఠశాల ఐరోపాయంతట ప్రసిద్ధి చెందియుండెను. మాటలకంటె ముందు వస్తువులను చూపి నేర్పవలెననుట పెస్టలాజీ పద్ధతి. ఫ్రోబెల్ ఒకమారు చూచి వచ్చి, మరల 1808 నుండి 1810 వరకు తన శిష్యులు ముగ్గురితో అచ్చటనే నివసించెను. ఆయనకు అచ్చటి విద్య నచ్చెను, కాని ఒక కొరత కనబడెను. వస్తువులు చూపుచున్నారు గాని, ఒక పాఠమునుండి మరియొక పాఠము మొలకెత్తునట్లు వానిని కూర్చు సూత్రము లేదు.

ఆ సూత్రము ఆయనకు దొరకిన చోటు విచిత్రమైనది. 1813లో నెపోలియనుతో జరిగిన యుద్ధమున ఆయన స్వచ్ఛంద సైనికుడుగా చేరెను. మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అను ఇద్దరు ఆజన్మ మిత్రులు ఆయనకు ఆ దండులోనే లభించిరి. మరుసటి యేట బెర్లిను నగరమున ఖనిజముల ప్రదర్శనశాలలో వైస్ అను ఆచార్యునికి సహాయకుడుగా కుదిరెను. దినమెల్ల స్ఫటికములను ఎంచి, కొలిచి, వర్గములుగా సర్దుటయే పని. ఉప్పురాయి ముక్కలైనను ఆ ముక్కలు మరల చదరపు ముఖములతోనే కనబడును. మొత్తము యొక్క లక్షణము భాగమునందును నిలుచును. ఇరువది యేండ్ల తరువాత ఆయన పిల్లలకై చేయించిన కొయ్యదిమ్మెలకు మూలము ఈ స్ఫటికములే యని చెప్పవచ్చును.

అన్న చనిపోగా తండ్రిలేని వాని బిడ్డలను చదివించుటకై ఫ్రోబెల్ 1816లో ఆ ఉద్యోగమును వీడి గ్రీస్‌హైమ్‌లో ఒక పాఠశాల తెరచెను. మరుసటి యేట అది కైల్‌హావ్ గ్రామమునకు మారెను. 1826లో మానవవిద్యను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. ప్రభుత్వముల యనుమానముచేతను, అప్పులచేతను కైల్‌హావ్ పాఠశాల చిక్కిపోవగా, 1831లో ఆయన స్విట్జర్లాండునకు పోయి, కొంతకాలమునకు బర్గ్‌డార్ఫ్ పట్టణమున అనాథశాలను నడపెను. బడికి వచ్చు పిల్లలను చూచిన కొలది ఆయనకు ఒక సంగతి తేటపడెను. బడి వయస్సునకు పూర్వమే మొదటి ఆరేండ్లు వృథాగా పోవుచున్నవి. ఆ యేండ్లలో పునాది పడనిచో తరువాతి గోడ నిలువదు. జర్మనీకి మరలివచ్చి, 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున పసిపిల్లల ఆటవస్తువులను తయారుచేయు సంస్థను స్థాపించెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదియైదు.

ఆ ఆటవస్తువులకు ఆయన కానుకలు అని పేరు పెట్టెను. మొదటి కానుక ఆరు రంగుల ఉన్నిబంతులు. ఒక్కొక్క బంతికి దారము కట్టియుండును. తల్లి దానిని ఊపుచు పైకి, క్రిందికి, ఇటు, అటు, ఉన్నది, లేదు అని పలుకుచుండును. ఈ మాటలలో అంకె యొక్కటియు లేదు. అయినను దిక్కు, దూరము, ఉనికి అను భావములు లేక గణితమే లేదు గదా!

రెండవ కానుక కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తంభము. గోళము దొరలును, ఘనము కదలక కూర్చుండును, స్తంభము నిలిపిన నిలుచును, పరుండబెట్టిన దొరలును. ఘనమును దారముతో వ్రేలాడదీసి వేగముగా త్రిప్పినచో అది కంటికి స్తంభమువలె కనబడును. దీనిని చూచి కేరింతలు కొట్టని బిడ్డ యుండడు.

మూడవ కానుకతో లెక్క ఆరంభమగును. చిన్న కొయ్యపెట్టెలో రెండంగుళముల ఘనము ఒకటి యుండును. పెట్టెను బోర్లించి, మూతను ప్రక్కకు లాగి, పెట్టెను మెల్లగా పైకెత్తవలెను. అప్పుడు బిడ్డ మొట్టమొదట చూచునది చెదరిన ముక్కలను గాదు, నిండైన ఘనమును. ముట్టుకొనగానే అది రెండు సగములగును. ఒక్కొక్క సగము రెండు పాతికలగును. పాతికలు విడిపోగా ఎనిమిది చిన్న ఘనములు మిగులును. మరల కూర్చినచో మొదటి ఘనమే. ఒకటి, రెండు, మూడని ఎంచుటకు ముందే బిడ్డ చేయి సగమును, పాతికను, ఎనిమిదవ పాలును తెలిసికొనును. ఎనిమిదిలో నాలుగులు రెండనియు, రెండులు నాలుగనియు ఎవరును చెప్పనక్కరలేదు. పెద్దవారికి భిన్నములు కఠినమైనవి. ఫ్రోబెల్ వానిని మొదటి పాఠముగా చేసెను.

ఆటకు ఒక నియమము కలదు. ఏమి కట్టినను ఎనిమిది ముక్కలును వాడవలెను. కట్టినదానిని పడగొట్టరాదు, కుర్చీని మంచముగా మార్చదలచినచో ఒకటి రెండు ముక్కలను జరిపి మార్చవలెను. కుర్చీ, మంచము, వంతెన మొదలైనవి జీవితరూపములు. ముగ్గులవలె నలువైపుల సమముగా అమర్చినవి సౌందర్యరూపములు. సగములు, పాతికలు, వరుసలు జ్ఞానరూపములు. ఈ మూడవ రకమే గణితము. కాని మొదటి రెండింటిలోను అది దాగియే యున్నది.

నాలుగవ కానుకయందును అదే ఘనము, అవే ఎనిమిది ముక్కలు. కాని ముక్కలు ఇటుకల యాకారమున నుండును. పొడవు రెండంగుళములు, వెడల్పు ఒకటి, మందము అర. చిన్న ఘనమునకును ఈ ఇటుకకును కొయ్య యొక్కటే; ఆకారము మాత్రము వేరు. ఎనిమిది ఘనములను ఒకదానిపై నొకటి పెట్టిన ఎనిమిదంగుళముల గోపురమగును. ఎనిమిది ఇటుకలను నిలువుగా పేర్చిన పదునారంగుళములగును. ఎందుకని బిడ్డ అడిగిన క్షణమున కొలతల శాస్త్రము పుట్టును. అయిదవ కానుకలో మూడంగుళముల ఘనము ఇరువదియేడుగా విడిపోవును. వానిలో మూడు మూలమట్టముగా రెండేసి ముక్కలుగను, మరి మూడు నాలుగేసి ముక్కలుగను కోయబడియుండును. మొత్తము ముప్పదితొమ్మిది ముక్కలు. అప్పుడు మూడవ పాలు, తొమ్మిదవ పాలు, త్రిభుజము ప్రవేశించును. ఆరవదియు ఇట్టిదే, ఇటుకలతో నైనది.

తరువాత పలుచని చదరపు పలకలు, త్రికోణపు పలకలు వచ్చును, పిమ్మట పుల్లలు, కడపట గింజలు. యూక్లిడు గ్రంథము బిందువుతో ఆరంభమై రేఖకును, తలమునకును, ఘనమునకును పోవును. ఫ్రోబెల్ దానిని తలక్రిందులు చేసెను. చేతికి దొరకునది ఘనము. ఘనము ముఖము తలము. తలపు అంచు రేఖ. రేఖ కొన బిందువు. పండితునకు మొదటిది శిశువునకు చివరిది. ఏ నెలలో ఏ కానుక అను పట్టిక కంటె క్రమమే ఆయనకు ముఖ్యము. ఒక కానుకతో బిడ్డ చేయగలిగినదంతయు చేసిన పిదపనే మరియొకటి రావలెను. ఈ విధానమును వివరించుచు 1838 నుండి ఒక ఆదివారపత్రికను ప్రకటించెను. ఆ వ్రాతలు కొంత మబ్బు కమ్మినట్లుండును. బంతిలో విశ్వైక్యమును, ఘనములో దైవనియమమును ఆయన దర్శించెను. ఆ తత్త్వము తెలియకున్నను ఎనిమిది ముక్కలు తమ పాఠమును తామే చెప్పును.

1840లో జూన్ 28వ తేదీన తన సంస్థకు కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అను నామమును ప్రకటించెను. అచ్చట నిజమైన తోటయు ఉండవలెననియు, ప్రతి బిడ్డకును ఒక మడి యుండవలెననియు ఆయన పట్టుపట్టెను. పసిపిల్లలకు నేర్పు పనికి యువతులను ఆహ్వానించి శిక్షణమిచ్చెను. స్త్రీలకు ఉద్యోగములే లేని ఆ కాలమున ఇది పలువురకు రుచింపలేదు.

1851 ఆగష్టులో పిడుగు పడెను. కిండర్‌గార్టెనులు పిల్లలను నాస్తికులుగా చేయు సమాజవాద ప్రయత్నములో భాగమని ప్రష్యా ప్రభుత్వము వానిని నిషేధించెను. ఆ యాజ్ఞ వెలువరించిన మంత్రి ఫాన్ రౌమర్ పెద్ద పొరపాటు చేసెను. స్త్రీవిద్యను గూర్చియు, కిండర్‌గార్టెనులను గూర్చియు ఒక చిన్న పుస్తకమును ప్రచురించిన వాడు ఫ్రోబెల్ అన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్. ఇంటిపేరు ఒకటే యగుటచేత ఒకరి వ్రాతకు మరియొకరు దండన పొందిరి. వృద్ధుడు తన పుస్తకములను పంపి, ఆ వ్రాతలు తనవి కావని విన్నవించెను. మంత్రి వినలేదు, రాజునకు పంపిన విజ్ఞప్తియు ఫలింపలేదు. ఏ యాటవలన ఏ మతమునకు హాని కలుగునో ఆ యధికారులలో ఒక్కరైనను బల్లపై ఆ కొయ్యముక్కలు పెట్టుకొని చూచినచో బాగుండెడిది.

నిషేధము తొలగకముందే, 1852 జూన్ 21వ తేదీన, మారియంతాల్‌లో ఫ్రోబెల్ కన్నుమూసెను. సమీపమున ష్వైనా గ్రామమున ఆయన సమాధిపై మిత్రులు ఘనమును, దానిపై స్తంభమును, దానిపై గోళమును నిలిపిరి.

బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్-బూలో అను ఒక కులీనురాలు ఆయన పద్ధతిని దేశదేశములందు వ్యాపింపజేసెను. 1860లో ప్రష్యా నిషేధమును ఎత్తివేసెను. అంతకుమునుపే, 1856లో, మార్గరెట్ షుర్జ్ అను జర్మను వనిత అమెరికాలోని వాటర్‌టౌనులో మొదటి కిండర్‌గార్టెనును తెరచియుండెను. అమెరికాలో కొందరు ఉపాధ్యాయులు కానుకలను కవాతువలె నడపిరి. పిల్లలందరును ఒక్కమారు పెట్టె యెత్తవలెను, ఒక్కమారు ముక్క జరుపవలెను. ఫ్రోబెల్ కోరినది ఇది కాదు. సన్నని పుల్లలు, చిన్న గింజలు పసివేళ్ళకు కష్టమని తరువాతి శిశుశాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి, అది న్యాయమే. పెద్ద దిమ్మెలు వచ్చెను, క్రమము సడలెను.

1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనములో ఒక తల్లి ఈ కానుకలను చూచి తన తొమ్మిదేండ్ల కుమారునికై వానిని తెచ్చుకొనెను. ఆ బాలుడే పిమ్మట లోకప్రసిద్ధి పొందిన గృహశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ నున్నని మేపుల్ కొయ్యముక్కల స్పర్శ పెద్దతనమునను తన వ్రేళ్ళయందు నిలిచియున్నదని ఆయన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.