నా రెండు మాత్రల వెనుక మహనీయుడు

కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్, మరునాడు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటున్నాను. మొదటిది ఏళ్ల తరబడి వాడితే కాలేయం గట్టిపడవచ్చునట. అందుకే కల్హేర్ నుంచి హైదరాబాదు వెళ్లి అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకున్నాను. గట్టిపడిన కాలేయంలో అల వేగంగా సాగుతుంది. ఆ వేగమే కొలత. నాకు 5 కిలోపాస్కల్స్ వచ్చింది, ఆరోగ్యవంతుల లెక్కే.

ఈ రెండు మందులూ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చలవే. వారు 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ వ్యాధి సోదరులను బలిగొన్నది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో హార్వర్డులోనూ, పిదప లెడర్లీలోనూ పరిశోధించారు. కాలేయంలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో వారి బృందం కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూకూ మందైంది. దాని నిర్మాణాన్ని కొంత మార్చగా వచ్చినదే మెథోట్రెక్సేట్.

1948లో, 53వ ఏటనే వారు కన్నుమూశారు. డెబ్బై దాటిన నేను వారి మందుతోనే నడుస్తున్నాను.