ఊరి తగాదాను చదవడము నేర్పిన ఆచార్యుడు

బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబములకు ఈసారి ఎం. ఎన్. శ్రీనివాస్ గారి జీవితమును పరిచయము చేస్తున్నాము. ఆయన మన సంఘస్థుడు కాదు, మన భాషవాడూ కాదు. అయినను మనము విడిచి వచ్చిన పల్లెలలో ఏమి జరిగిందో తెలిసికొనుటకు ఆయన మాట మనకు అక్కరకు వస్తుంది.

శ్రీనివాస్ గారు 1916 నవంబరు 16న మైసూరులో అయ్యంగార్ కుటుంబములో జన్మించారు. అక్కడి మహారాజా కళాశాలలో చదివి, బొంబాయిలో ఘుర్యే గారి వద్ద పరిశోధన చేసి, ఆక్స్‌ఫర్డు వెళ్లారు. కులమును గురించి శాస్త్రగ్రంథములు చూచి వ్రాయడమే ఎక్కువగా ఉన్న రోజులవి. ఈయన మాత్రము 1948లో మైసూరు ప్రాంతములోని ఒక పల్లెకు వెళ్లి నెలల తరబడి నివసించారు. తన రచనలలో ఆ ఊరికి రాంపుర అని మారుపేరు పెట్టారు. చాకలివారిలో వచ్చిన కుల తగాదా, కుమ్మరికి పూజారికి వచ్చిన తగాదా వంటివి శ్రద్ధగా విచారించి వ్రాశారు. మామూలు రోజులలో కనబడని ఊరి కట్టుబాట్లు తగాదా వచ్చినపుడు పైకి తేలుతాయని ఆయన గ్రహించారు.

రాంపురలో పూజా మర్యాదలలో పైస్థానము బ్రాహ్మణులది. ఊరి పెత్తనము మాత్రము సేద్యము చేసే ఒక్కలిగలది. భూమి, జనబలము, అధికారము వారి చేతిలో ఉన్నాయి. ఇటువంటి కులమునకు ఆయన పెట్టిన పేరు ఆధిపత్య కులము. 1959లో ఈ విషయముపై ఆయన ప్రకటించిన వ్యాసము లోకమంతటా పేరు పొందింది.

ఈ మాటను మన నేలకు అన్వయించి చూద్దాము. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లెపై పడి ఆరుగురిని చంపారు. బ్రతికినవారు చీరాలకు పారిపోయారు. తగాదా మొదలైనది మాదిగలు నీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర. గేదెల కుడితి బకెట్టు అక్కడ కడగవద్దన్నందుకే ఇంత ఘోరమా అని చాలామంది ఆశ్చర్యపోయారు. బకెట్టును మాత్రమే చూస్తే అర్థము కాదు. పొలము ఎవరిది, కూలికి పోయేది ఎవరు, పోలీసు ఎవరి మాట వింటాడు అని అడిగితే అర్థమవుతుంది. అణగి ఉన్నవారు ఎదురుచెప్పడము మొదలుపెట్టినపుడే ఆధిపత్యము చేయి ఎత్తుతుంది.

శ్రీనివాస్ గారి చూపునకు హద్దులు లేకపోలేదు. ఆయన ఊరి పెద్ద అతిథిగా బ్రతికారు. ఆ ఇంటి అరుగు మీదనుండి హరిజనవాడ దూరముగానే కనబడింది. ఈ లోపమును ఆయన తన పుస్తకములో దాచలేదు.

1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఆయన పనిచేసే గదికి దుండగులు నిప్పు పెట్టగా, ఏండ్ల తరబడి సిద్ధపరచుకున్న వివరముల మూడు ప్రతులూ మంటలలో చిక్కుకున్నాయి. ఆయన కృంగిపోక జ్ఞాపకము మీద ఆధారపడి పుస్తకము వ్రాశారు. అది 1976లో వెలువడింది.

బరోడాలో, ఢిల్లీలో బోధించిన తరువాత 1972లో బెంగుళూరు వచ్చి, సామాజిక ఆర్థిక పరివర్తన సంస్థను నిలబెట్టుటలో వి. కె. ఆర్. వి. రావు గారికి తోడ్పడ్డారు. 1977లో పద్మభూషణ్ పొందారు. 1999 నవంబరు 30న ఈ నగరములోనే కన్నుమూశారు.

పట్టణము వచ్చినంత మాత్రాన ఊరు మనలను విడువలేదు. పెండ్లి సంబంధములలో, సంఘ ఎన్నికలలో ఏ జిల్లా, ఏ పల్లె అనే ప్రశ్న ఇంకా వినబడుతూనే ఉంది. తగాదా వచ్చినపుడు ఎవరు గట్టిగా అరిచారని కాక, తాళపుచెవులు ఎవరి దగ్గర ఉన్నవి, నోరు మెదపనివారు ఎవరు అని అడుగుదాము. మన అరుగు మీదనుండి మనకు కనబడనివారు ఎవరో కూడా చూచుకుందాము.