మన జిల్లా స్వతంత్ర సభ్యులు వావిలాల

తాడేపల్లి: ఎన్నికలు వచ్చాయంటే చాలు, మన పల్లెల్లో రచ్చబండ మీద ఎవరు ఎంత పంచుతారన్న ముచ్చటే ముందు సాగుతుంది. అట్టి వేళ తలచుకోదగిన పెద్దలు సత్తెనపల్లి వాస్తవ్యులు శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్య.

ఆయన 1906లో జన్మించారు. గాంధీజీ బాట పట్టి, స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్లారు. ఖద్దరు కట్టారు. గ్రంథాలయోద్యమంలో పనిచేశారు. 1952, 1955, 1962, 1967 ఎన్నికలలో వరుసగా నాలుగుసార్లు సత్తెనపల్లి ఓటర్లు ఆయననే శాసనసభకు పంపారు. కమ్యూనిస్టుల మద్దతు లభించినా, సభలో స్వతంత్రులుగానే పేరుపొందారు.

1952లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది. చదువురాని వారు పెట్టె మీది గుర్తు చూసి చీటీ వేసేవారు. 1962 నాటికి చీటీపై ముద్ర వేసే పద్ధతి వచ్చింది. పద్ధతి మారినా సత్తెనపల్లి తీర్పు మారలేదు.

ఆ తీర్పుకు తగినట్లే ఆయన పనిచేశారు. నాగార్జునసాగర్ నిర్మాణం కోసం పాటుపడ్డారు. పత్తి, మిరప పండించే మెట్ట రైతుకు ఆ నీటి విలువ తెలియనిది కాదు. పాలన తెలుగులో సాగాలని కోరిన ఆయన, 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులయినారు. మద్యనిషేధానికీ పోరాడారు. 1992లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. 2003లో కన్నుమూశారు.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి 1960లో కేరళలో మొదలయింది. 1962లో ఎన్నికల సంఘం దానిని పార్టీలకు పంపింది. అధికారంలో ఉన్న పార్టీకి ప్రత్యేక నియమాలు 1979లో చేరాయి. అయితే నియమావళి చట్టం కాదు, పార్టీలు ఒప్పుకున్న కట్టుబాటు మాత్రమే.

ఓటుకు డబ్బు పంచడం మాత్రం చట్టరీత్యా నేరం. ఇచ్చినవారికే కాదు, పుచ్చుకున్నవారికీ ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఓటర్లను అభ్యర్థి తన ఖర్చుతో బండ్లపై తరలించడం కూడా అక్రమమే. అది కోర్టులో రుజువయితే గెలిచిన ఎన్నిక రద్దవుతుంది. పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు మద్యం అమ్మరాదు.

నియమాలు అమలు జరపడం అధికారుల పని. ఇంటి గుమ్మంలోకి వచ్చిన నోటును వద్దని పంపవలసినది మాత్రం ఓటరే. ఏ పెద్ద పార్టీ టికెట్టూ లేని వావిలాలను గెలిపించినదీ మనవంటి పల్లె ఓటర్లే.