రుద్రమదేవి - ఓరుగల్లు ముట్టడి

కాకతీయ చక్రవర్తి గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. అరువదియేండ్లకు పైగా రాజ్యభారము వహించిన ఆ ప్రభువు 1259-60 ప్రాంతమున తన కుమార్తె రుద్రమను పాలనమున తనతో సమముగా నిలిపెను. నిడదవోలు చాళుక్య రాజకుమారుడగు వీరభద్రుని పత్ని యైన ఆమె, రుద్రదేవ మహారాజను పురుషనామముతో శాసనములు వేయించెను.

స్త్రీ సింహాసనమెక్కుట కొందరు సామంతులకు కంటగింపయ్యెను. వారు తిరుగబడిరి. రేచర్ల ప్రసాదిత్యుడు మున్నగువారు ఆమె పక్షమున నిలిచిరి. ఇంటిపోరు బయటివారికి సందిచ్చును గదా! దేవగిరి యాదవరాజు మహాదేవుడు అదను చూచి దండెత్తివచ్చి ఓరుగల్లును ముట్టడించెను.

ఆ నగరమునకు లోపల రాతికోట, వెలుపల మట్టికోట, వాని చుట్టును నీటి అగడ్తలు. తండ్రి కట్టించిన రాతిగోడను రుద్రమ మరింత ఎత్తు చేయించెను. భటులు ఏ వైపుననైనను గోడపైకి చేరుటకు లోపల మెట్లు కలవు. కాని గోడలెంత గట్టివైనను లోనివారి మనస్సులు చీలినచో అవి నిలువవు. రుద్రమ స్వయముగా సేనను నడిపెను. పదునైదు దినములు పోరి శత్రువును దేవగిరివరకు తరిమెనని ప్రతాపరుద్ర చరిత్రము చెప్పును. అది తరువాతి కాలపు గ్రంథము. అందలి సేనాసంఖ్యలను అట్లే నమ్మబనిలేదు. అయినను బీదరుకోటలో దొరకిన ఆమె శాసనము, కాకతీయ బలములు ఆ దిక్కునకు సాగినవనుటకు సాక్ష్యము. రాయగజకేసరి యను బిరుదు ఆమెకు చెల్లినది.

అంతఃకలహము మాత్రము ఆమెను కడవరకు విడువలేదు. తన సామంతుడే యైన కాయస్థ అంబదేవుడు తిరుగబడగా, వార్ధక్యమున సయితము ఆమె అతనిపై కదలివెళ్లెను. ఆ యుద్ధముననే అసువులు బాసెనని చరిత్రకారులు తలంతురు. దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు రాజయ్యెను.

ఆమె మరణకాలము ఏ మహాకావ్యము వలనను తెలియలేదు. నల్లగొండ జిల్లాయందలి చందుపట్ల గ్రామమున, పువ్వుల ముమ్మడి యను సేవకుడు, రుద్రమకును ఆమె సేనాని మల్లికార్జున నాయకునకును శివలోకప్రాప్తి కలుగుటకై సోమనాథదేవునకు భూదానమిచ్చి 1289 నవంబరు 27వ తేదీన వేయించిన శిలాశాసనము వలన తెలిసినది. చక్రవర్తిని చివరి వార్తను లోకమునకు నిలిపినది ఒక పల్లెలోని రాయి. వ్రాసి దాచుకొన్న యక్షరమే కాలమునకు లొంగనిదని గ్రామములు మరువరాదు.