విసుగని విన్నపము: కేట్ షెప్పర్డ్ అమ్మగారు

లూకా సువార్త 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ఉపమానమందలి విధవరాలిని మనమందరము ఎరుగుదుము. ఆమెకు ధనము లేదు, బలగము లేదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి యొద్దకు మాటిమాటికి వచ్చి న్యాయము అడుగుటయే ఆమె బలము. అట్లు విసుగక అడిగిన ఒక క్రైస్తవ స్త్రీ చరిత్రను ఈ నెల సంఘస్థుల ముందుంచుచున్నాము.

కేట్ షెప్పర్డ్ అమ్మగారు ఇంగ్లాండులోని లివర్‌పూలులో జన్మించిరి. తండ్రి మరణించిన పిమ్మట, 1869లో తల్లితోను తోబుట్టువులతోను ఓడనెక్కి న్యూజీలాండు దేశపు క్రైస్ట్‌చర్చి పట్టణము చేరిరి. అచ్చట కాంగ్రిగేషనల్ సంఘములో చేరి, స్త్రీల పనిలో పాలుపొందిరి.

ఆ దినములలో త్రాగుడు అనేక కాపురములను కూల్చుచుండెను. భర్త కూలి డబ్బు సారాయి కొట్టున పోయిన యెడల భార్యాబిడ్డలు పస్తులుండవలసినదే. 1885లో క్రైస్తవ స్త్రీల మద్యనిరోధక సంఘము ఆ దేశములో ఏర్పడగా, అమ్మగారు అందులో చేరిరి. పిల్లలకు మద్యము అమ్మరాదని ఆ స్త్రీలు పార్లమెంటుకు మనవి పంపిరి. అది త్రోసివేయబడెను. ఓటు లేనివారి మొర వినవలసిన అగత్యము పాలకులకు లేదని అమ్మగారు గ్రహించిరి. 1887 నుండి ఓటు హక్కు కొరకైన పనికి ఆమెయే నాయకురాలు.

1891లో 9,000కు పైగా చేవ్రాళ్లతో మనవి సమర్పించిరి. చట్టము కాలేదు. మరుసటి యేట సుమారు 20,000 చేవ్రాళ్లు. అప్పుడును కాలేదు. 1893లో స్త్రీలు ఇంటింటికి తిరిగి సుమారు 32,000 చేవ్రాళ్లు కూర్చిరి. అమ్మగారు ముఖ్యమైన మనవి కాగితములను ఒకదానికొకటి అంటించి చీపురు కర్రకు చుట్టిరి. దాని పొడవు సుమారు 270 మీటర్లు. సర్ జాన్ హాల్ గారు సభలో ఆ చుట్టను విప్పగా, అది నేలమీద దొర్లి అవతలి గోడను తాకెను.

మద్యము అమ్మువారు ఎదురు మనవులు పంపిరి. అయినను పై సభలో 18 మంది కాదనగా 20 మంది ఔననిరి. 1893 సెప్టెంబరు 19న అది చట్టమాయెను. స్వపరిపాలన గల దేశములలో స్త్రీలందరికి పార్లమెంటు ఓటు నిచ్చిన మొదటి దేశము అదియే. ఎన్నికలకు పది వారములే గడువున్నను, లక్షకు పైగా స్త్రీలు పేర్లు వ్రాయించుకొనిరి; సుమారు 90,000 మంది ఓటు వేసిరి.

అమ్మగారు 1934లో కన్నుమూసిరి. ఆమె కోరిన మద్యనిషేధము ఆ దేశమంతటికి ఎన్నడును రాలేదు. కాని స్త్రీల మొరను పెడచెవిని పెట్టుట మాత్రము అటుతరువాత పాలకులకు సులభము కాలేదు.

మన రాజ్యాంగము 1950 నుండి స్త్రీపురుషులకు సమానముగా ఓటు నిచ్చియున్నది. ఎన్నికల వేళ మన పల్లెలలో కొందరు సారాయి, సొమ్ము చూపి దానిని అడుగుదురు. త్రాగుడు వలన కూలిన ఇండ్లను నిలుపుటకు ఆ స్త్రీలు అన్ని యేండ్లు అడిగిన దానిని మనము సారాయికే మార్చుకొనుట తగునా? తల్లులారా, అన్నలారా, ఇంటిలో కూర్చుండి దీనిని ఆలోచించుదుము గాక.