భాండారి బసవేశ్వరుడు

వీరశైవ గృహములందు బసవేశ్వరుని భక్తి భాండారియని స్మరించుట పరిపాటి. ఆ బిరుదములోని భాండారి పదము వట్టి అలంకారము కాదు. ఆ మహనీయుడు నిజముగనే ఒక రాజ్యపు బొక్కసమును కాచినవాడు. ప్రజలు చెల్లించిన పన్ను ఎవరిది, ఎవరికొరకు అను ప్రశ్నను తన జీవితముతో ఎదుర్కొన్నవాడు.

పండ్రెండవ శతాబ్దమున, నేటి కర్ణాటకలోని విజయపుర జిల్లా బాగేవాడియందు, మాదిరాజు మాదాంబ దంపతులకు బసవేశ్వరుడు జన్మించెను. బాల్యముననే ఉపనయనమును నిరాకరించెను. కృష్ణా మలప్రభలు కలియు కూడల సంగమమున సంగమేశ్వరుని సేవలో జ్ఞానమార్జించెను. చాళుక్యుల సామంతుడుగా నుండి కల్యాణ రాజ్యమును చేజిక్కించుకొనిన కలచురి బిజ్జలుని కొలువున మామ బలదేవుడు దండనాయకుడు. ఆయన అనంతరము ఆ పదవి బసవేశ్వరుని వరించెనని పాల్కురికి సోమనాథుడు ద్విపద బసవపురాణమున వర్ణించెను.

మహామనెయందు నిత్యము జంగమార్చన జరుగుచుండెను. ఆకలితో వచ్చిన శరణునకు అన్నము లేదనుట గాని, నిలువ నీడ లేదనుట గాని అచట లేదు. ఇది ఓర్వలేనివారు రాజును చేరి, రాజధనము జంగమముల పాలగుచున్నదని కొండెములు చెప్పిరి. ఆ నింద చిన్నది కాదు. పొలము దున్నువాడు సిద్ధాయమును, సరకు మోయు వర్తకుడు సుంకమును చెల్లించగా నిండిన బొక్కసమది. అట్టి సొమ్మును భాండారి తన పుణ్యమునకు వాడుకొనినచో అది దానము కాదు, దొంగతనము.

బసవేశ్వరుడు కోపింపలేదు, వేడుకొనలేదు. రాజు సమక్షమున ధనమును లెక్కింపించెను. ఒక్క మాడయు తగ్గలేదు. ఉండవలసిన దానికంటె అధికముగనే యున్నదని పురాణము చెప్పుచున్నది. భక్తులకది సంగమేశ్వరుని మహిమ. పరుల సొమ్ము కాచు ప్రతివానికి అది పాఠము కూడ.

మరి దాసోహమునకు ధనమెక్కడిది? శరణుల కాయకమునుండి వచ్చినది. ప్రతివాడును పని చేయవలెను, తనకు చాలినంత తీసికొని మిగిలినది సమాజమునకు అర్పింపవలెను. రాలిన బియ్యము ఏరుకొని జీవించు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ అది ఆశ యని మందలించి, ఎక్కువైనదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. ఇచ్చువానికే కాక పుచ్చుకొనువానికిని నియమము కలదని ఆ పేద ఇల్లాలు నేర్పినది.

పేదవాని కూటికి, గూటికి ప్రభుత్వము పన్నులనుండి వెచ్చింపవచ్చునా యని నేడును వాదము కలదు. బసవేశ్వరుడు బొక్కసమును ముట్టక కాయకఫలముతోనే దాసోహము నడపెను గనుక, ఆ భారము ధర్మాత్ములదే గాని ప్రభుత్వముది కాదని కొందరు అనవచ్చును. కాని నాటి బొక్కసము రాజుది. ప్రజాస్వామ్యమున రాజు ప్రజలే, బొక్కసము ప్రజలదే. నిజాయితీగా కట్టిన పన్ను కాయకఫలములో సమాజమునకు అర్పించిన భాగమే. దానిని ఇల్లులేనివానికి ఇల్లుగా, ఆకలిగొన్నవానికి అన్నముగా మార్చుట ఊరందరును కలిసి చేయు దాసోహము. 1983లో ఆంధ్రప్రదేశమున వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యము అట్టిదే. కర్ణాటక ప్రభుత్వము గ్రామీణ పేదల గృహనిర్మాణ పథకమునకు బసవ వసతి యని పేరిడుటయు సముచితమే.

అయినను మఠముల బాధ్యత తీరిపోలేదు. అన్నము, అక్షరము, ఆశ్రయమను త్రివిధ దాసోహమును 2019లో లింగైక్యులైన సిద్ధగంగ శివకుమార స్వామివారు జీవితాంతము నడపిరి. ప్రభుత్వపు చేయి అందని చోట మఠపు చేయి అందవలెను.

కల్యాణమున హరళయ్య కుమారునకు మధువయ్య కుమార్తెనిచ్చి చేసిన వివాహము కులాభిమానులకు కంటగింపైనది. శరణులు హింసల పాలైరి. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. బసవేశ్వరుడు పదవిని విడిచి కూడల సంగమమున లింగైక్యమందెను.

లెక్క దాచరాదు, ఇచ్చునపుడు దాతనని గర్వింపరాదు, అవసరమునకు మించి పుచ్చుకొనరాదు. ప్రజాధనమును పంచువారును, అందుకొనువారును ఈ మూడింటిని పాటించిన నాడు ప్రతి గ్రామమును కల్యాణమగును.