సికింద్రాబాదులో దోమలను కోసిన దొర



గడచిన వర్షాకాలమున మా సంఘములో ఒక తల్లి, బిడ్డకు చలిజ్వరము వచ్చినదని మమ్మును ప్రార్థనకు పిలిచెను. మేము ప్రార్థించి, ఇది వానలో తడిసిన జ్వరమే, రెండు దినములలో తగ్గునని ధైర్యము చెప్పితిమి. మూడవ దినమున రక్తపరీక్షలో మలేరియా అని తేలెను. దేవుని కృపవలన బిడ్డ బ్రదికెను గాని, మేము ఎంత గట్టిగా పలికితిమో అంత గట్టి ఆధారము మాకు లేకుండెను. అప్పటినుండి రోనాల్డ్ రాస్ వైద్యుని జీవితము మాకు మరల మరల జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

ఆయన 1857 మే 13న అల్మోరాలో పుట్టెను. కవిత్వమునందు ఆశగలవాడైనను, సైన్యాధికారియైన తండ్రి కోరికచొప్పున వైద్యము చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరెను.

1880లోనే లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు జ్వరరోగుల రక్తములో సూక్ష్మజీవులను చూచెను. రాస్ తానును వెదకి, కనుగొనలేక, ఆ మాట తప్పని పత్రికలలో వ్రాసెను. తన కన్నులకు ఆ పనిలో తగిన అలవాటున్నదా అని ఆయన తన్ను తాను అడుగుకొనలేదు. 1894లో లండనులో మాన్సన్ అను వైద్యుడు వాటిని సూక్ష్మదర్శినిలో చూపగానే ఆ పాత నిశ్చయము కూలిపోయెను.

మాన్సన్ ఊహ యేమనగా, దోమ రోగి రక్తముతో ఆ జీవులను పీల్చును. అది నీళ్లలో పడి చచ్చును. ఆ నీళ్లు త్రాగినవారికి జ్వరము వచ్చును. 1895లో రాస్ ఈ ఊహను వెంటబెట్టుకొని, మన భువనగిరికి సుమారు 50 కిలోమీటర్ల దూరముననున్న సికింద్రాబాదునకు వచ్చెను. దోమలు చచ్చిన నీళ్లను కొందరిచేత త్రాగించెను. (నేటి మనస్సాక్షి దీనికి ఒప్పుకొనదు.) ఒకనికి కొద్దిగా జ్వరము రాగా ఆశ పెరిగెను; తరువాతివారిలో అనేకులకు రాకపోగా ఆశ తగ్గెను. దోమలను కోసి కోసి చూచెను, ఏమియు కనబడలేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నవి. దోమ రోగమును మోయుననుట ఎంతవరకు నమ్మదగినది? అది మొదటిది. దానిని తూచుచున్న త్రాసు ఎంత సరియైనది? ఇది రెండవది. రాస్ ఎక్కువగా కోసినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. అవి మనుష్యుల మలేరియాను మోయునవి కావు. త్రాసే తప్పుడుదైనప్పుడు నూరుసార్లు తూచియు లాభమేమి? ఇన్ని అపజయములును ఆ ఊహను నిజముగా తగ్గింపలేదు. తగ్గినట్లు కనబడెను, అంతే.

1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలుగల దోమలు కొన్ని చేతికి దొరికెను. 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకు ఒక అణా చొప్పున తీసికొని, పది దోమలచేత కుట్టించుకొనెను. రాస్ పేరు బడిపిల్లలకును తెలియును; ఈయన పేరు ఎందరికి తెలియును? దోమలు ఎగిరిపోవునని పంకా ఆపి, చెమటకు త్రుప్పుపట్టిన సూక్ష్మదర్శినిమీద రాస్ వంగి చూచుచుండెను. 20వ తేదీన ఒక దోమ కడుపు గోడలో, మలేరియా జీవులకుండునట్టి నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనబడెను.

అయితే అవి ఆ జాతి దోమకు సహజముగా ఉండునవేమో! గిద్యోనును తలంచుకొనుడి. గొఱ్ఱెబొచ్చు తడిసి నేల ఆరియుండుట చూచియు, బొచ్చు సహజముగానే తేమ పట్టునని కాబోలు, మరునాడు దానికి విరుద్ధమైన గురుతు అడిగెను. దానిని అవిశ్వాసమని త్రోసివేయుటకు మాకు మనస్సొప్పదు. రాస్ కూడ మరునాడు మిగిలిన దోమను కోసెను. అవే కణములు, ఈసారి మరి పెద్దవి! పెరుగుచున్నవి గనుక అవి ప్రాణముగలవి. ఆయన దేవునికి స్తుతిగా ఒక పద్యము వ్రాసికొనెను.

ఇంతటితో మాన్సన్ ఊహ అంతయు స్థిరపడలేదు. ఒక సగము బలపడెను, నీళ్లు త్రాగుటను గూర్చిన సగము అట్లే నిలిచెను. 1898లో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాను పరీక్షించి, ఆ జీవులు దోమ లాలాజల గ్రంథులకు చేరుటయు, కుట్టుటవలన ఆరోగ్యముగల పిచ్చుకలకు రోగము వచ్చుటయు చూచెను. నీళ్ల మాట అక్కడ పడిపోయెను. మనుష్యుల విషయమున ఆ మార్గమును ఇటలీవారు అదే సంవత్సరమున చూపిరి. ఘనత ఎవరిదని ఇరుపక్షములును చేదుగా వాదులాడుకొనిరి.

1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించెను. బేగంపేటలో ఆయన దోమలను కోసిన భవనము ఆయన పేరనే ఉన్నది. పట్నము వెళ్లువారు చూడవచ్చును.